మమ్మల్ని 'ఇందరెక్కువ' అన్న కాలం

ఆ రోజుల్లో ఒక పనికి ఎంతమంది కావాలో ఎవరూ కూర్చుని లెక్క వేసేవారు కాదు. పని ఉన్నచోటికి మనుషులు వచ్చి చేరేవారు. వచ్చినవాళ్లకు ఏదో ఒక పని దొరికేది. దొరకకపోతే వాళ్లే ఒకటి కల్పించుకునేవారు. కొన్నాళ్లు గడిచేసరికి ఆ పని లేకుండా ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చామా అని అందరూ ఆశ్చర్యపోయేవారు. ఇప్పుడు మా మనవరాలు ప్రత్యక్ష శ్రమ, పరోక్ష శ్రమ, వాటి ఖర్చులు అంటూ కామర్సు పాఠం పైకి చదువుతుంటే నాకు నవ్వు వస్తుంది, వెనకే కొంచెం కోపం కూడా వస్తుంది. ఆ పాఠం నేను పుస్తకంలో చదువుకోలేదు. ఆ పాఠం పేరు చెప్పి నన్ను నౌకరీలోంచి గెంటేశారు. (గెంటలేదు, నేనే బయటికి నడిచానని ఇప్పటికీ వాదిస్తాను. ఆనాటి వాళ్లలో కాదనడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి ఈ మధ్య వాదన సులువుగానే గెలుస్తున్నాను.)

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. పెట్రోలు దొరక్క పట్నం నుంచి చేవెళ్లకు వచ్చే బస్సు వీపున బొగ్గుల పొయ్యి కట్టుకుని దగ్గుతూ తిరిగేది. మోటార్లు మూలపడ్డాయి, ఎడ్లబండ్లకు మళ్లీ రాజయోగం పట్టింది. మొయినాబాదులో రోడ్డు పక్కన మా మేనమామకు బండ్లు తయారుచేసే కార్ఖానా ఉండేది. కార్ఖానా అంటే పెద్ద రేకుల చావడి, దాని ముందు ఒక మైదానం, మైదానం నిండా టేకు దుంగలు. ఆయన పొలం అమ్మి పెట్టిన వ్యాపారం అది. నేను ఉర్దూ మిడిల్ పాసై, ఇంకే నౌకరీ దొరక్క, అక్కడ గుమాస్తాగా చేరాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు నిండాయి. చెవిమీద కలం పెట్టుకోవడం, మాటకు ముందు గొంతు సవరించుకోవడం అప్పటికే వచ్చేశాయి. కలంతో చెయ్యవలసిన పనే అంత ఎక్కువగా ఉండేది కాదు.

నాతోపాటు ఈ కథలో పడ్డవాళ్లు మరో ఇద్దరు. ఒకరు పొయ్యవ్వ. కార్ఖానాలో పొయ్యి ఆమెది, నీళ్లు ఆమెవి. పొద్దున్నే బావి నుంచి నీళ్లు తోడి తొట్లు నింపేది, మధ్యాహ్నానికి అందరికీ అంబలి కాచేది, చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించే రోజున పిడకలు గుండ్రంగా పేర్చి మంట పెట్టేది. ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. ఆ రోజు అంబలి లేదు, పట్టాలూ లేవు. రెండోవారు చౌకీదారు చిచ్చా. ఆయన ఎప్పుడో ఎవరి ఫౌజులోనో పనిచేశానని చెప్పేవాడు. ఏ ఫౌజు అని అడిగితే దగ్గేవాడు. రాత్రిపూట టేకు దుంగలకు కాపలా, పగటిపూట రోడ్డుమీది బర్రెలు వచ్చి నీళ్లతొట్లలో మూతి పెట్టకుండా కాపలా, నడుమ నడుమ కునుకు. ఇక అసలు పనివాళ్లు వడ్రంగులు, కమ్మరి. వాళ్లందరికీ పెద్ద ఉలి తాత. ఆయన చెయ్యి ఉలి వదిలి ఉండగా చూసినవాళ్లు లేరు.

మా మామకు ఒక్కడే కొడుకు. నాకు బావ, వయసులో పెద్ద. పట్నంలో హాస్టలులో ఉండి వ్యాపారపు లెక్కలు చదివేవాడు. ఆ ఎండాకాలం సెలవులకు వచ్చినవాడు ఊరికే కూర్చోక, ఒక్క బండి తయారుకావడానికి మనకు నిజంగా ఎంత ఖర్చవుతున్నది అని తండ్రిని అడిగాడు. మామకు ఆ ప్రశ్న ఎవరూ ఎన్నడూ వెయ్యలేదు. టేకుకు ఇంత, ఇనుముకు ఇంత అని చెప్పి, "ఇగ కూలి అంటవా, దేవుడు ఎంత ఇప్పిస్తే అంత ఇస్తున్న" అన్నాడు. బావ తల పట్టుకున్నాడు. చావడిలో మంచం మీద కూర్చుని తండ్రికి పాఠం మొదలుపెట్టాడు. నేను పక్కనే కలం చెవిన పెట్టుకుని నిలబడ్డాను.

"బాపూ, బండిని చేతుల పట్టి తయారుచేసేటోళ్ల కూలి ఒకటి. ఉలి తాత గీ చక్రానికి ఎన్ని రోజులు పనిచేసిండో మనకు తెలుసు. ఆ కూలి గీ బండిదని నేరుగ రాయొచ్చు. దాన్ని డైరెక్టు అంటరు. చుట్టుపక్కల ఉండి సాయం చేసేటోళ్ల కూలి ఇంకొకటి. నీళ్లు మోసేది, కాపలా ఉండేది. అది ఫలానా బండిదని చెప్పరాదు. దాన్ని ఇండైరెక్టు అంటరు."

"ఏమంటరు?" అన్నాడు మామ చెవి ముందుకు పెట్టి.

"ఇండైరెక్టు."

"ఇందరెక్కువ!" మామ మంచం మీద ఒక్క చరుపు చరిచాడు. "గదేరా నేను ఎప్పటిసంది అనుకుంటున్నది! ఇందరు ఎక్కువైండ్రు. చూసినవా, పట్నంల సదువుకు కూడ గదే ఎల్లింది!"

బావ పాపం ఎంతో చెప్పి చూశాడు. ఆ మాటకు ఆ అర్థం కాదనీ, ఆ కూలిని తీసెయ్యడం కాదు, అన్ని బండ్ల మీదా పంచి వేసుకోవాలనీ, అప్పుడే బండి అసలు ధర తెలుస్తుందనీ అన్నాడు. మామ వింటేగా! తనకు కావలసిన ముక్క దొరికాక మిగతా పాఠం ఆయనకు గాలికి పోయింది. మర్నాడు పొద్దున్నే అందరినీ మైదానంలో నిలబెట్టి ప్రకటించాడు. బండి మీద చెయ్యి పడేవాళ్లకు పాత కూలి. చెయ్యి పడనివాళ్లు ఇందరెక్కువ, వాళ్లకు ఇకనుంచి సగమే.

"గట్లయితే పొయ్యవ్వకు సగమా?" అని అడిగాను నేను. నా గొంతులో దయ ఉట్టిపడుతున్నదని నాకే అనిపించింది.

"ఆమెకు సగం. చిచ్చాకు సగం. నీకు సగం."

"నాకా?"

"ఏం, నీ చెయ్యి ఎన్నడన్న బండి మీద పడ్డదారా?"

దయ అక్కడితో ఆగిపోయి పౌరుషం మొదలైంది. న్యాయం కోసం మనిషి ఎంత గట్టిగా నిలబడతాడో చూడాలంటే అతని కూలి సగం చెయ్యాలి. అంతకుముందు పొయ్యవ్వ సంగతి తలుచుకుని కొంచెం బాధపడి ఊరుకునేవాణ్ణేమో. ఇప్పుడు ముగ్గురి తరఫునా నేనే నాయకుణ్ణయ్యాను. చెట్టంత కొడుకు పోయాక ఆ కూలి మీదే బతుకుతున్న మనిషి పొయ్యవ్వ. పొయ్యి దగ్గర కూర్చుని పిడకలు విరుస్తూ, "సగం కూలికి సగం నీళ్లే తెస్త. సగం నీళ్లతోని చక్రం సల్లారుతదా కొడుకా?" అంది. చిచ్చా మీసం తిప్పాడు. "అరె బేటా, నా చెయ్యి పడకుంటే ఏమాయె? రాత్రంతా నా కన్ను వడ్తది కద!"

"మామ చెయ్యి పడాలన్నడు కద," అన్నాను నేను. "పడేద్దం."

ఆ మర్నాటి నుంచి మా చేతులు బండి మీదే. చిచ్చా కాపలా కుర్చీ వదిలేసి సగం తయారైన బండికి ముందు తోలేవాడు కూర్చునే మొగమీద ఎక్కి కూర్చున్నాడు. కునుకు పట్టినా చెయ్యి మాత్రం కాడి వదల్లేదు. పొయ్యవ్వ ఎడమచెయ్యి చక్రం మీద పెట్టి కుడిచేత్తో అంబలి పోసేది. దాంతో అందరూ ముంతలు పట్టుకుని చక్రం చుట్టూ తిరగవలసి వచ్చేది. చెయ్యి ఎలాగూ పెట్టింది కదా అని ప్రతి బండికీ పైకి ప్రార్థన కూడా మొదలుపెట్టింది. "ప్రభువా, గీ బండి ఎక్కినోళ్లను సల్లగ సూడు, దీని ఎడ్లను సూడు, గీ కార్ఖానా అయ్యకు జర బుద్ధియ్యి." నేను నా పెట్టె, కాగితాలు, సిరాబుడ్డి తీసుకుని ఒక బండిలోకి కాపురం మార్చాను. ఉలి తాత నా కాళ్ల సందులోంచి మేకులు కొట్టుకునేవాడు. "నీ కాలుకు మేకు దిగితే అది ఎవరి కూలి కింద రాస్తవురా?" అని ఒకసారి అడిగాడు. బావ పక్కకు తిరిగి నవ్వుకోవడం నేను చూశాను. మామ మాత్రం పళ్లు కొరుకుతూ ఓర్చుకున్నాడు. తాను పెట్టిన షరతే కదా.

ఓర్పు తెగింది చేవెళ్ల సావుకారు వచ్చిన రోజున. ఆయన వానలకు ముందే తన ధాన్యం తోలకానికి బండ్లన్నీ కావాలన్నాడు. అంత పెద్ద బేరం మామకు అదివరకు రాలేదు. అది నిలబడితే కార్ఖానా నిలబడుతుంది, పోతే అమ్మిన పొలం మళ్లీ కనబడదు. సావుకారు వచ్చి తయారైన బండి ఒకటి నడిపి చూస్తానన్నాడు. ఎడ్లను కట్టారు. కట్టిన బండి నేను కాపురమున్న బండే.

"దిగురా," అన్నాడు మామ మెల్లగా, సావుకారు వినకుండా.

"దిగితే సగం కూలి," అన్నాను నేను, సావుకారు వినేలాగా.

"దిగుమంటున్న!"

"దిగ."

చిచ్చా అప్పటికే మొగమీద ఉన్నాడు. పొయ్యవ్వ వచ్చి వెనక చక్రం మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. సావుకారు మా ముగ్గురినీ ఎగాదిగా చూసి, "పటేలా, బండిని మనుషులతోని కలిపి అమ్ముతున్నవా? ధర మంచిగనే ఉన్నది గని, వీళ్లకు గడ్డి ఎవలు వెయ్యాలె?" అన్నాడు. చావడిలో వడ్రంగులంతా గొల్లుమన్నారు. మామ మొహం ఎర్రబడింది. సావుకారు బేరం ఖాయం చేసుకుని పోయేదాకా ఆగాడు. పోగానే మా ముగ్గురి వైపు తిరిగి, "ఇగ మీరు బండి మీద చెయ్యి వెయ్యొద్దు, నా గడపల కాలు పెట్టొద్దు. పోండ్రి!" అన్నాడు.

"నువ్వు పొమ్మనుడేంది, మేమే పోతున్నం!" అన్నాను. (ఇదిగో, నేను వాదించేది దీని గురించే.) బావ అడ్డం వచ్చి, "బాపూ, నేను చెప్పింది గిది కాదు," అన్నాడు గాని, ఇద్దరు మొండివాళ్ల మధ్య చదువుకున్నవాడి మాట ఎవరు వింటారు?

బొగ్గుల బస్సు మమ్మల్ని చేవెళ్ల వైపు తీసుకుపోయింది. పొయ్యవ్వ దారిలో దిగి ముడిమ్యాలలో కూతురింటికి నడిచింది. దిగేముందు నా తలమీద చెయ్యి పెట్టింది. ఆ ముసలిదాని అన్నం నోటికాడినుంచి తీసింది మామా, నేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. వెంటనే మామేనని తీర్పు చెప్పుకున్నాను. చిచ్చా, నేను చేవెళ్లలో ఆయన తమ్ముడి ఇంటి అరుగు మీద మకాం వేశాం. రోజూ పొద్దున్నే మొయినాబాదు రోడ్డు కనబడేలా కూర్చుని, మామ ఎప్పుడు వచ్చి బతిమాలతాడా అని చూసేవాణ్ణి. గుమాస్తా లేని కార్ఖానా ఎన్నాళ్లు నడుస్తుంది? బతిమాలినప్పుడు ఏమనాలో కూడా తయారుచేసి పెట్టుకున్నాను. పెద్ద ఉపన్యాసమే.

అక్కడ కార్ఖానాలో ఏం జరిగిందో తర్వాత ఉలి తాత చెప్పగా విన్నాను. మొదటి రోజు నీళ్లు లేవు. వడ్రంగులు పని ఆపి బావికి పోయారు. పొయ్యవ్వ కూలికి రెండింతలు తీసుకునేవాళ్లు పొయ్యవ్వ తెచ్చినన్ని నీళ్లలో సగం తెచ్చి, మిగతా సగం దారిలో ఒలకబోసి, నడుములు పట్టుకుని కూర్చున్నారు. కాపలాకు వంతులు వేసుకున్నారు; రాత్రి మేలుకున్నవాడు పగలు రంపం పట్టుకునే నిద్రపోయాడు. అయినా బర్రెలు తొట్లు ఖాళీ చేశాయి. ఆ తర్వాత పట్టాలు ఎక్కించే రోజు వచ్చింది. ఎర్రగా కాలిన ఇనుప పట్టాను పట్టకార్లతో ఎత్తి చెక్క చక్రానికి తొడగ్గానే దానిమీద నీళ్లు కుమ్మరించాలి. అప్పుడే అది బిగుస్తుంది. తొడిగారు. "నీళ్లు!" అని కమ్మరి అరిచాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరి చేతుల్లోనూ పట్టకార్లే, ముంత ఉన్న చెయ్యి ఒక్కటీ లేదు. ఉలి తాత ఎన్నో రోజులు చెక్కిన చక్రం కళ్లముందే పొగలు కక్కి నల్లబడింది. తాత దాని పక్కన కూలబడి, ఉలి కింద పెట్టాడట. ఆయన ఉలి కింద పెట్టగా అందరూ చూడడం అదే మొదలు.

మామ కొడుకును పిలిచాడు. "నీళ్లు మోసిన వడ్రంగి కూలి ఏంది? డైరెక్టా, ఇందరెక్కువా?"

"నీళ్లు మోసినంత సేపు ఇండైరెక్టే, బాపూ."

"నిద్రపోయినోనిది?"

"గది కూడ గంతే. బండి ముంగటికి పోలేదు కద."

"కాలిపోయిన చక్రం ముంగట కూసున్నోళ్లది?"

"గది కూడ."

మామ చావడి వైపు చూశాడట. "అంటే ముగ్గురిని తీసేస్తే అందరు ఇందరెక్కువైండ్రన్నట్టు," అన్నాడు. బావ అప్పుడైనా 'నేను ముందే చెప్పాను' అనలేదట. ఎడ్లను మాత్రం తానే కట్టి పగ్గాలు తండ్రి చేతికిచ్చాడు.

ఆ బండి చేవెళ్లలో మా అరుగు ముందు ఆగేసరికి నేను కళ్లు నులుముకుంటున్నాను. మామ ముందు కూర్చున్నాడు. వెనక పొయ్యవ్వ మూటతో సహా ఉంది. ముందు ముడిమ్యాల చుట్టి వచ్చారన్నమాట. నేను గొంతు సవరించుకున్నాను. మామ నా వైపు చూడలేదు. "చిచ్చా, తప్పైంది. పూర కూలి ఇస్త, ఎక్కు," అన్నాడు. చిచ్చా, ఫౌజు గౌరవం కోసం, మీసం ఒకసారి తిప్పి ఎక్కాడు. మామ పగ్గాలు సర్దుకున్నాడు.

"మరి నేను?" అన్నాను. నా ఉపన్యాసం అంతా రెండు మాటలైపోయింది.

మామ అప్పుడు చూశాడు. "నీళ్లు లేక చక్రం కాలింది. కాపలా లేక పని ఆగింది. నువ్వు లేక ఏమి కాలేదురా. గుమాస్త లేడన్న సంగతే మాకు యాదికి రాలేదు."

అంత నిజం అంత మామూలుగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. చిచ్చా దగ్గాడు. మామ కొంచెం మెత్తబడి, "మేనల్లునివి, ఎక్కు. మీ అత్త నీ కోసం ఏడుస్తున్నది. ఇంట్ల ఉండి తిను," అన్నాడు.

"మేనల్లునిగ ఎక్క. గుమాస్తగ అయితేనే ఎక్కుత."

"గుమాస్త పని లేదంటున్న కద!"

"గట్లయితే నడుస్త. రోడ్డు నీది కాదు కద!"

నిజంగానే నడిచాను. బండి పక్కనే, ఎడమ చక్రానికి జానెడు దూరంలో, తల ఎత్తుకుని, చేవెళ్ల నుంచి మొయినాబాదు దాకా. మామ బింకానికి బండి ఆపలేదు గాని, ఎడ్లను అదిలించనూ లేదు. ఆ ఎడ్లు జన్మలో అంత నెమ్మదిగా నడిచి ఉండవు. ఎండ మండిపోతున్నది. చిచ్చా, "బేటా, జర ఎక్కు, ఎవ్వరు చూస్తలేరు," అన్నాడు. దారిపొడుగునా అందరూ చూస్తూనే ఉన్నారు. పొయ్యవ్వ మూట విప్పి జొన్నరొట్టె బయటికి చాపింది. కాసేపు ఆలోచించాను. బండి మామది, రొట్టె అవ్వది. తీసుకుని నడుస్తూనే తిన్నాను. మామ భుజాలు కదిలాయి. నవ్వాడో, బండి కుదుపో చెప్పలేను.

కార్ఖానా ముందు బండి ఆగేసరికి నా కాళ్లు బొబ్బలెక్కాయి. మామ దిగి, పగ్గాలు విడుస్తూ, ఎటో చూస్తూ అడిగాడు. "చక్రం పొంట నడిచినవు కద. ఎట్లున్నది?"

"ఎడమది ఇరుసు కాడ కిర్రుమంటున్నది. ఎత్తు ఎక్కేటప్పుడే. దిగేటప్పుడు లేదు."

మామ వంగి, చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. ఉలి తాత వచ్చి చెవి పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సావుకారుకు పోవలసిన బండ్లన్నిటికీ అదే కొలతతో ఇరుసులు తయారవుతున్నాయి. "రేపటిసంది ప్రతి బండి పొంట నడువు," అన్నాడు మామ. "చేవెళ్ల దాంక. పూర కూలి." ఆయన క్షమాపణ కొలత అంతే.

నేను గర్వంగా బావ వైపు తిరిగాను. "ఇప్పుడు చెప్పు బావా. చక్రం పక్కపొంట నడుస్తున్న. ఇగ నేను డైరెక్టే కద?"

బావ నిజాయితీపరుడు. కొంచెం ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "తనిఖీ కూడ ఇండైరెక్టే, బామ్మర్దీ."

"రాసుకో పో!" అన్నాను. "పెద్ద అక్షరాలతోని రాసుకో!"

సావుకారు బండ్లు వానలకు ముందే చేరాయి. కార్ఖానా నిలబడింది. బావ వేసిన ధరే మామ అడగడం మొదలుపెట్టాడు; అందులో నీళ్లకూ, కాపలాకూ, నా కాళ్లకూ వాటా ఉండేది. తర్వాత నేను పట్నంలో పెద్ద పెద్ద మిల్లుల్లో పనిచేశాను, అన్నిచోట్లా ఆ ఇండైరెక్టు వరసలోనే. ఎవరైనా కొత్త మేనేజరు వచ్చి ఆ వరస మీద కలం పెట్టినప్పుడల్లా నా మెడ దానంతట అదే నిటారుగా నిలబడేది.

ఇప్పుడు కాళ్లు సహకరించవు. ఆ ఎండలో, బొబ్బలెక్కిన కాళ్లతో, ఒక చేత్తో రొట్టె పట్టుకుని, పక్కనే చోటున్న బండిని చూడనట్టు నటిస్తూ నడిచిన ఆ కుర్రవాడు గుర్తొస్తే వాడి మీద నాకు అసూయగా ఉంటుంది. వాడు ఎక్కలేదు, ఎక్కడు. నేనంటారా, ఎవరైనా బండి ఆపి "ఎక్కు తాతా" అంటే, ఏ హోదాలో ఎక్కమంటున్నారని అడగను. చెయ్యి మాత్రం అందించమంటాను.